నాలుగో మనిషి

దేవరాజులుని అడిగి, ఆయప్ప సరే రాసుకో అన్నాకనే ఇది రాస్తాండా. బుజ్జమ్మకి కూడా చెప్పే రాస్తాండా. మా కోడలు రేవతి ముందుగా చదివి మూడు చోట్ల కొట్టేసింది. కొట్టేసింది ఏందని నన్ను అడగబాకండి.

నా పేరు ఉమాపతి. ఇల్లు మదనపల్లిలో, పని సంతల్లో. గొడ్లు, గొర్రెలు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్యన నిలబడే దళారిని. ఎనిమిదో తరగతితో బడి మానేసినోడిని, తప్పులుంటే సర్దుకోండి. నేను చెప్పేది పోయిన ఎండాకాలం సంగతి. శివరాత్రి అయినాక మొదలైంది, బక్రీదు గొర్రెల సంతతో తేలింది.

మా కోడలిది కుప్పం. సైకాలజీలో ఎమ్మెస్సీ చేసింది. నా కొడుకు దినేష్ టమోటా మండీలో కంప్యూటర్ కాడ ఉంటాడు, వాడి నోట్లోనుంచి రోజుకి పది మాటలు వస్తే ఎక్కువ. ఆపిల్ల మదనపల్లి బస్టాండు వెనక సందులో, మిక్సీలు రిపేరు చేసే అంగడి మీద ఒక రూము బాడుగకి తీసుకునింది. "రేవతి, కౌన్సెలింగ్" అని బోర్డు పెట్టింది. నేనే మేకులు కొట్టినా.

మొదట వచ్చింది బి.కొత్తకోట నుంచి ఒకాయన. కొడుకుని కూడా తీసుకొచ్చినాడు.

"అమ్మా, మావాడు ఈసారి ఎంసెట్ రాస్తాండాడు. కౌన్సెలింగులో యాడ సీటు వస్తాదో రోంత సూసి చెప్పు."

ఆ తర్వాత వారానికి ఒకామె మొగుణ్ణి చొక్కా పట్టుకుని మెట్లెక్కించింది. "తాగి తాగి సస్తాండాడమ్మా. స్టేషన్లో ఎస్సై ఇస్తాడు చూడు కౌన్సెలింగు, అట్లాంటిది నాలుగు తగిలించు" అనింది. ఆ మొగుడు చెంపలు రెండూ చేతుల్తో మూసుకుని కూర్చున్నాడంట.

నేను కింద మిక్సీ అంగడి బల్ల మీద కూర్చుని చూస్తాండేవాణ్ణి. ఒకరిద్దరు నిజంగానే వచ్చేవాళ్ళు. గంటసేపు ఉండి దిగిపోయేవాళ్ళు. పైన మాట్లాడే శబ్దమే ఉండదు. ఒకనాడు అడిగేసినా.

"ఏం చెప్తావమ్మా వాళ్ళకి?"

"ఏం చెప్పను మామా. మూడు కుర్చీలుండాయి, మీకు యాడ బాగుంటే ఆడ కూర్చోండి అంటా. ఈడ చెప్పింది బయటికి పోదు అంటా. ప్రాణం మీదికి వచ్చేదుంటే మాత్రం దాచలేను, అదీ ముందే చెప్పేస్తా. ఆ తర్వాత గమ్మునుంటా."

"గమ్మునుండేదానికి దుడ్డు ఇస్తారా?"

"మీరు ఒక్క పూట గమ్మునుండి సూడండి మామా. ఎంత కష్టమో తెలుస్తాది."

నా పెండ్లాం వెంకటలక్ష్మమ్మ లోపల్నుంచి పగలబడి నవ్వింది.

ఇంక దేవరాజులు సంగతి. ఆయప్పది పుంగనూరు. ఇద్దరం ఇరవై ఎనిమిదేండ్లు ఒకే సంతల్లో తిరిగినాం. ఆరడుగుల మనిషి. మీసం అయితే బర్రె కొమ్ముల మాదిరి రెండు పక్కలా లేసి ఉంటాది. దగ్గినాడంటే కట్టేసిన ఎద్దులు తాడు గుంజుకుంటాయి. అట్లాంటోడు శివరాత్రి అయినాక పుంగనూరు సంతలో, జనం మధ్యన, ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు. మొగమంతా చెమట. "ఊపిరాడ్లేదు ఉమాపతీ, చచ్చిపోతాండా" అన్నాడు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయినాం. గుండె బాగుండాదన్నారు. నెలలో మూడుసార్లు అట్లనే అయింది, మూడు ఆస్పత్రులు అదే మాట చెప్పినాయి.

నేనే అన్నా, మా కోడలి దగ్గరికి రా అని.

"తిక్కోళ్ళు పోయే చోటు కదరా అది."

"నేను పోతాండా కదా రోజూ?"

"అందుకే అంటాండా." నవ్వినాడు గానీ మళ్ళా మొగం ముడుచుకునింది. "సూడు ఉమాపతీ. వస్తా. కానీ నీకు, నాకు, ఆపిల్లకి తప్ప నాలుగో మనిషికి తెలీకూడదు. మనం చేసేది చేతుల మీద పని. నా చెయ్యి గట్టిది కాదని ఒక్కడికి తెలిసినా నా పని అయిపాయె."

దీన్ని రోంత విడమరిచి చెప్పాల. మా సంతల్లో ధర నోటితో చెప్పుకోం. కొనేవాడి చెయ్యీ దళారి చెయ్యీ టవాలు కింద కలుస్తాయి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటాం. చుట్టూ యాభై మంది నిలబడి ఉన్నా ఎంతకి తెగిందో ఎవురికీ తెలీదు. పట్టిన వేళ్ళని బయట చెప్పిన దళారిని మళ్ళా ఏ సంతలోనూ నిలబడనియ్యరు. ఇన్నేండ్లలో నేను చెప్పలా, దేవరాజులూ చెప్పలా.

చెయ్యిలో చెయ్యి వేసి మాటిచ్చినా.

ఎండలు మొదలైన కాలంలో తలకి మంకీ టోపీ పెట్టుకుని మెట్లెక్కినాడు. మొదటి నాలుగుసార్లు ఉత్త నీళ్ళు తాగి దిగొచ్చినాడంట. ఈ ముక్క ఆయప్పే చెప్పినాడు, కోడలు చెప్పలా. "సొంబు నీళ్ళు తాగేస్తాండా, ఆపిల్ల మళ్ళా నింపుతాది. ఒక్క మాట అడగదు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద కోపం వస్తాది, యాల అడగదు అని. మళ్ళా వారం పోబుద్ధి అవుతాది." ఐదోసారి రోంత మాట్లాడినాడంట. ఏం మాట్లాడినాడో నాకు చెప్పినాడు ఒకనాడు, టీ తాగతా. ఆ తర్వాత సంతలో జనం మధ్యలో దేన్నీ పట్టుకోకుండా గంటసేపు నిలబడినాడు. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

ఆ సంతోషమే కొంప ముంచింది.

మాకొక వాట్సాప్ గ్రూపు ఉండేది, సంత మిత్రులు అని. నాలుగు వందల మంది పైన. అడ్మిన్ ఈశ్వరప్పన్న. బక్రీదుకి గొర్రెల లారీలు నడిపేదాయనే. ఆ మిక్సీ అంగడి ఉండే బిల్డింగూ ఆయనదే. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలు పెట్టేది మొదలుకొని అన్నీ ఆ గ్రూపులోనే, నా గొంతు తెలియనోడు అందులో లేడు. ఆదివారం మధ్యాన్నం, కడుపు నిండా తిని ఉండా. ఫోను నోటికాడ పెట్టుకున్నా.

"మిత్రులారా, మనసు బాగలేకపోతే సిగ్గు పడబాకండి. మా కోడలు రేవతి దగ్గరికి రండి. పేరు చెప్పను గానీ, మన సంతలో ముప్పై ఏండ్ల సర్వీసు, ఆరడుగుల మనిషి, దగ్గితే ఎద్దులు తాడు తెంపుకుంటాయి, మీసం గురించి సెప్పే పనే లేదు, అట్లాంటోడే వస్తాండాడు. ఇప్పుడు రాయి మాదిరి ఉండాడు. ఇంక మనమెంత?"

పేరు చెప్పను గానీ అని ముందే అన్నా కదా, ఇచ్చిన మాట తప్పలేదు అనే అనుకున్నా. ఒట్టు, అట్లనే అనుకున్నా. ఆపిల్ల రూముకి నలుగురు వస్తారనే ఆశ.

రెండు నిమిషాల్లో మొదటి మెసేజ్ వచ్చింది. "దేవరాజులన్నకి ఏమైంది?" ఆ వెనక నవ్వే బొమ్మలు. ఎవుడో మీసం బొమ్మ ఒకటి పెట్టినాడు. నేను డిలీట్ కొట్టినా. అప్పటికే అది ఇంకో ఐదు గ్రూపులకి పోయి ఉండాది.

ఆ వారం పుంగనూరు సంతలో దేవరాజులు టవాలు కింద కోలారు పార్టీ ఒకడు చెయ్యి పెట్టినాడు. పెట్టినట్టే పెట్టి వెనక్కి తీసేసినాడు.

"తప్పుగా అనుకోబాకన్నా. నీకు చెయ్యి వణుకుతాదంట కదా. నువ్వు రెండు వేళ్ళు పడితే నేను మూడనుకుంటే యాడికి పోవాల?"

చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. దేవరాజులు టవాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. తిన్నగా నా దగ్గరికొచ్చినాడు. కొడతాడు అనుకున్నా. కొట్టి ఉంటే బాగుండేది.

"పేరు చెప్పలా దేవరాజులూ" అన్నా.

"చెప్పలా. మీసం చెప్పినావు."

అంతే. బండెక్కి పోయినాడు. టైము తొమ్మిదిన్నర. సంత అయిపోకముందే ఆయప్ప పోయింది నేను అంతవరకు చూళ్ళేదు.

ఇంటికి పోయేసరికి కోడలు నడవలో కూర్చుని ఉండాది. ఎవురో పంపించినారు ఆపిల్లకి కూడా. నా ముందరే మొత్తం వినింది, మూడు నిమిషాలూ. నేను నిలబడి నా గొంతు నేను విన్నా. ఎంత సంతోషంగా ఉండాదో ఆ గొంతు, వినలేకపోయినా.

"మామా, టవాలు కింద పట్టిన వేళ్ళు ఎప్పుడన్నా ఊరికి చెప్పినారా?"

"లేదమ్మా."

"ఒకటో వేలు చెప్పను గానీ, రెండోదాని పక్కన ఉంటాది అని చెప్పినారా?"

ఆపిల్ల అరవలా. అరిచే రకం కాదు. మర్నాడు పోయి పది నుంచి ఒంటిగంట దాకా రూములో కూర్చుని వచ్చింది. ఆ మర్నాడూ అంతే. నేను కింద బల్ల మీద కూర్చుని చూసినా కదా, ఒక్కరు మెట్లెక్కలా. దేవరాజులే కాదు, అంతకు ముందు వచ్చేవాళ్ళూ రాలా. మామకి నోరు ఆగదని తెలిసినాక కోడలికి ఎవురు చెప్పుకుంటారు?

పదో రోజు రాత్రి అన్నాలకాడ చెప్పింది. "నెలాఖరుకి రూము ఖాళీ చేస్తా. కుప్పంలో నాకు ఈ పని నేర్పించిన మాలతి మేడమ్ రమ్మంటాండాది. అమ్మ కాడ ఉంటా."

దినేష్ సంగటి ముద్ద కలపతా, "నేనూ పోతా" అన్నాడు. అంతే అన్నాడు.

మా ఆవిడ ఆ రూము పెట్టినప్పుడు ఒప్పుకోలా. తిక్కోళ్ళని బోర్డు పెట్టి పిలస్తావా అని మూడు రోజులు కోడలితో మాట్లాడలా. ఆ మనిషి ఆ రాత్రి నా పక్కకి తిరిగి అనింది, "ఆపిల్ల గడప దాటితే ఈ ఇంట్లో నీకు సంగటి లేదు. పోయి వాట్సాప్ తిను."

పొద్దున్నే గ్రూపులో క్షమాపణ చెప్దామని ఫోను నోటికాడ పెట్టుకున్నా. వెంకటలక్ష్మమ్మ సంగటి కట్టె ఎత్తింది. దించేసినా.

దళారి బుద్ధి కదా, నాకు తెలిసిన దారి ఒక్కటే ఉండాది. నువ్వు బాగుండాది అని చెప్పి అంటగట్టిన ఆవు బాగలేదని కొన్నోడు తిరిగొస్తే, మాటలు చెప్పకుండా ఆ ఆవుని నువ్వే తోలుకుపోవాల. ఆ లెక్కన నేనే పోయి ఆ రూములో కోడలి ముందర కూర్చుని చెప్పుకుంటా, ఊరు చూడనీ అనుకున్నా. కోడలు ఒప్పుకోలా.

"ఇంటోళ్ళకి నేను చెయ్యకూడదు మామా. పోవాలంటే కుప్పం పోండి, మేడమ్ కాడికి. కానీ ఊరికి చూపించేదానికి పోబాకండి. మీకేదన్నా ఉంటే పోండి."

"నాకేముండాది?" అన్నా. బుధవారం బస్సెక్కినా. పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. నడుము పట్టేసింది.

మాలతి మేడమ్ నా వయసే ఉంటాది. ఇంటి వెనకాల చిన్న గది, తిరిగితే కీచుమనే ఫ్యాను. నేను వాకిలి కనబడే కుర్చీ చూసుకుని కూర్చున్నా. కోడలు చెప్పే మాటలే ఆయమ్మా చెప్పింది. ఆ తర్వాత గమ్మునైంది. నేను గమ్మునుండే రకమా? నెల్లూరు జుడిపికి నాటు గొర్రెకి తేడా ఏంది, కురబలకోట పొట్టేళ్ళకి గిరాకీ యాల, గంట చెప్పినా. ఆయమ్మ చక్కగా వినింది.

"ఏమన్నా అడగండి మేడమ్."

"మళ్ళా బుధవారం వస్తారా?" అని అడిగింది.

రెండో వారం ఒక పని చేసినా. కొత్త పార్టీ సంతకి వస్తే మేము ముందు ఒక ఉత్త మాట వదులుతాం. అది నాలుగు రోజుల్లో వేరేవాడి నోట్లో వినబడిందంటే, ఆ పార్టీతో చెయ్యి కలపం. అట్లనే మేడమ్ కాడ తల వంచుకుని, గొంతు తగ్గించి చెప్పినా.

"నాకు పలమనేరులో ఇంకో సంసారం ఉండాది మేడమ్."

ఆయమ్మ కనురెప్ప ఆడించలా. "ఊ" అనింది.

ఈమె మా కోడలికి గురువు కదా. చెప్పకుండా ఉంటాదా? ఆ వారమంతా నా పెండ్లాం మొగం చూసుకుంటా తిరిగినా. కోడలికి కుప్పం నుంచి ఫోను వస్తే చెవులు రిక్కించినా.

"ఏంది నా మొగం అట్ల చూస్తాండావు?" అనింది వెంకటలక్ష్మమ్మ.

"ఏం లే. బాగుండావు."

"ఎండ దెబ్బ తగిలింది నీకు. మజ్జిగ తాగు."

ఏడు రోజులైంది. రాలా. మాట ఆడనే ఉండిపోయింది.

మూడో బుధవారం పోయి చెప్పినా. "మేడమ్, ఆ పలమనేరు సంసారం అబద్ధం."

"అట్లనా."

"మీరు చెప్తారేమో అని పెట్టినా."

"మంచి పని చేసినారు. ఊరు పేరు తెలీనోళ్ళని ఉత్త పుణ్యానికి ఎట్ల నమ్ముతారు?" అని, నా వైపు సొంబు జరిపింది.

నీళ్ళు తాగినా. మళ్ళా తాగినా. దేవరాజులు నాలుగు వారాలు నీళ్ళు యాల తాగినాడో అప్పుడు తెలిసింది. నోట్లో ఒకటి వచ్చి నిలబడి ఉంటే మనిషికి ఏదో ఒకటి మింగాలనిపిస్తాది.

కురబలకోట పక్కన పల్లెలో బుజ్జమ్మ అని ఉండాది. మొగుడు పోయినాక ముసలి ఎద్దుని అమ్మమని నాకిచ్చింది. "అప్పా, ధర తక్కువైనా ఫర్వాలేదు. కట్టేసి గడ్డి వేసేవాళ్ళకే ఇప్పించు" అనింది. ఆ పొద్దు రైతు ఒక్కడూ ఆ ఎద్దుని తిరిగి చూళ్ళేదు. సాయంత్రానికి లారీ వాడికి పలుపు ఇచ్చేసినా. ఆ లారీలు యాడికి పోతాయో సంతలో పిల్లోడికి కూడా తెలుసు. బుజ్జమ్మకి మాత్రం బి.కొత్తకోట రైతు కొన్నాడని చెప్పినా.

అప్పట్నుంచి ఆయమ్మ ప్రతి సంతలో అడగతాది. "మా ఎద్దు ఎట్లుండాడప్పా?" బాగుండాడమ్మా అంటా. కొత్త కొట్టం కట్టినారు అన్నా ఒకసారి. ఇంకోసారి, చలికి గోనెపట్ట కప్పినారు అన్నా. పోయినేడు, పళ్ళు పోయినాయి, తవుడు నానబెట్టి పెడతాండారు అన్నా. నా నోరు ఆగదని ఊరంతా ఎరుగుదురు. ఆ నోట్లో పదకొండేండ్లుగా ఆగింది ఇదొక్కటే.

ఇదంతా చెప్పి తల ఎత్తితే మేడమ్ అట్లనే చూస్తాండాది. ఫ్యాను కీచుమంటాంది.

"ఆయమ్మకి చెప్పేయమంటారా?" అన్నా.

"చెప్పాలని ఉండాదా మీకు?"

ఆ శనివారమే కురబలకోట పోయి చెప్పినా. ఆయమ్మ ఏమనిందో అది ఆయమ్మది. ఇప్పుడు గొర్రెలు ఇంకో దళారితో అమ్ముకుంటాండాది. అది నాకు కావాల్సిందే.

నెలాఖరు ఇంకో ఆరు రోజులుందనగా ఈశ్వరప్పన్న ఇద్దరు మనుషుల్ని వేసుకుని మిక్సీ అంగడికాడికి వచ్చినాడు. నేను బల్ల మీద ఉండా. నన్ను చూసి, "నువ్వూ రా" అని మెట్లెక్కినాడు. కోడలు లేసి నిలబడింది.

"కూర్చోండన్నా. యాడ బాగుంటే ఆడ కూర్చోండి."

"కూర్చునేదానికి రాలామ్మా. బక్రీదు వస్తాంది. దేవరాజులు చేతి మీద నా లారీలకి గొర్రెలెక్కాల. ఆ మనిషి పనికొస్తాడా రాడా నాకు తెలియాల. ఏం చెప్పినాడు నీకు? యాడ తేడా ఉండాది?"

"నేను చెప్పనన్నా."

"మొత్తం వద్దు. వచ్చినాడా లేదా, అంతే చెప్పు."

"ఈడికి ఎవురొస్తారు, ఎవురు రారు, అదే చెప్పను. మీరు ఈ పొద్దు వచ్చినారని కూడా ఎవురికీ చెప్పను."

వెనకాల ఉన్న ఇద్దరిలో ఒకడికి నవ్వొచ్చింది. ఈశ్వరప్పన్నకి చెవులు ఎర్రబడినాయి.

"బిల్డింగు నాది. తెలుసు కదా?"

"తెలుసు."

"నెలాఖరు దాకా యాల? రేపే ఖాళీ చెయ్యి."

"రేపు యాల? ఈ పొద్దే చేస్తా" అని ఒక కుర్చీ ఎత్తి ఇంకో కుర్చీ మీద పెట్టింది ఆపిల్ల.

ఈశ్వరప్పన్న నా పక్కకి తిరిగినాడు. "ఉమాపతీ, ఆపిల్లకి లోకం తెలీదు. నీకు తెలుసు. నీకు ఊరంతా చాటే అలవాటే కదా. దేవరాజులు నీకన్నా చెప్పి ఉంటాడు. చెప్పు, లారీల పని ఈసారి నీకే."

టీ తాగతా ఆయప్ప చెప్పిన మాట నా నాలిక మీదనే ఉండాది. నేను తెలీదు అనేసి ఉండొచ్చు. సులభంగా పోయేది.

"తెలుసన్నా" అన్నా. "చెప్పను."

ఈశ్వరప్పన్న నా మీదికి ఒక అడుగు వేసినాడు.

"నా గురించి అడుగు, చెప్తా. నేను వారం వారం కుప్పం పోతాండా, ఒకామె ముందర కూర్చుని నా లోపలిది చెప్పుకుంటాండా. రాసుకో, గ్రూపులో పెట్టుకో, పేరుతోనే పెట్టు. ఆయప్ప గురించి మాత్రం నా నోట్లో నుంచి రాదు. నీ లారీలు ఎవురికిచ్చుకుంటావో ఇచ్చుకో."

ఆ మధ్యాన్నమే కుర్చీలు, టేబులు, సొంబు, బోర్డు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేసినాం. మిక్సీ అంగడి ఆయన అడక్కుండానే వచ్చి టేబులు ఒక పక్క పట్టినాడు. పైన వాకిలి తీసే ఉండాది, గట్టిగా మాట్లాడిందంతా కింద వినబడింది అంట. ఆటో మలుపు తిరగకముందే ఫోను మోగింది. గ్రూపులోనుంచి నన్ను తీసేసినారు.

కోడలు కుప్పానికి సంచి సర్దుకుంటాందేమో అనుకుంటా నేను వాకిట్లోనే కూర్చున్నా. లోపల దడదడా శబ్దం. పోయి చూస్తే వెంకటలక్ష్మమ్మ ముందరి గదిలో నుంచి టీవీని వంటింట్లోకి ఈడుస్తాండాది. తవుడు మూటలు అప్పుడే పెరట్లోకి పోయినాయి.

"ఈ గది తీసుకో" అనింది కోడలితో. "వీధి వాకిలి మూసేస్తా. వచ్చేవాళ్ళు పెరటి సందులోనుంచి వస్తారు, ఎవురి కంటా పడరు. నేను వంటింట్లో టీవీ శబ్దం పెట్టుకుని ఉంటా, ఒక్క ముక్క వినబడదు నాకు."

"అత్తా..."

"పోతానంటే పో. గది మాత్రం ఇట్లనే ఉంటాది."

రేవతి ఒక కుర్చీ తెచ్చి ఆ గదిలో వేసింది. "ఒక నెల చూస్తా" అనింది.

"ఏమయ్యా" అనింది మా ఆవిడ నాతో, "పది నుంచి ఒంటిగంట దాకా నువ్వు ఈ ఇంట్లో కనబడకూడదు."

"నా ఇంట్లో నేను..."

"నీ ఇల్లే. అందుకే చెప్తాండా, బయటికి పో."

బక్రీదు ముందర అంగళ్లు ఊళ్ళో సంత. కాలు పెట్టేదానికి చోటు లేదు, గొర్రెలు, మనుషులు, దుమ్ము. ఈశ్వరప్పన్న లారీలన్నీ వేరేవాళ్ళు నింపుతాండారు. ఒక మూల నేను, ఇంకో మూల దేవరాజులు, ఇద్దరికీ పార్టీలు లేవు. నా మీద కోపం పోలేదు ఆయప్పకి. మాటలు లేవు. ఎవుడో కుర్రాడు గొర్రెని భుజాన వేసుకుని పోతా అరిచినాడు.

"తిక్క దళారులు ఇద్దరూ వచ్చినారప్పా! ఎవురికన్నా కావాలా?"

నేను నోరు తెరిచేలోపల ఆ మూల నుంచి దగ్గు వినబడింది. గొర్రెలన్నీ తల తిప్పినాయి. దేవరాజులు జనం మధ్యలోకి నడిచొచ్చినాడు. చెమట కారతాంది, చూస్తాండా. ఎవురినీ పట్టుకోలా.

"అవును రా, పోయినా! జనంలో నాకు ఊపిరాడలా, పోయి కూర్చుని మాట్లాడినా. దొంగతనం చేసినానా? ఎవురికి నా చెయ్యి వద్దో వాళ్ళు పక్కకి జరగండి. జరిగితే రోంత గాలన్నా వస్తాది నాకు!"

ఒకడు నవ్వినాడు, ఇంకొకడు నవ్వినాడు. ఈసారి ఆ నవ్వు వేరే మాదిరి ఉండాది. ఒక ముసలాయన, రెండు పొట్టేళ్ళు పట్టుకున్నోడు, నిజంగానే రెండడుగులు వెనక్కి జరిగి, "చాలా అప్పా గాలి? ఇంక నా పొట్టేళ్ళ సంగతి చూడు" అన్నాడు. దేవరాజులు భుజం మీద టవాలు తీసినాడు.

పోయేటప్పుడు నా పక్కనుంచి నడిచినాడు. ఆగలా.

"ఈశ్వరప్పకి చెప్పలేదంట కదా."

"ఎవురు చెప్పినారు?"

"మిక్సీ అంగడోడు. వాడి నోరు నీ నోటికి పెద్దన్న."

ఆ ఒక్క మాటకి నాకు ఆ పూట అన్నం అవసరం లేకపోయింది.

ఇప్పుడు పది కొట్టేసరికి నేను ఇంట్లో నుంచి బయటపడతా. మా వీధి చివర టీ అంగడిలో కూర్చుంటా. మొన్న సోమవారం, రెండో టీ తాగతాండా, మా పెరటి సందు పక్కకి ఒక బండి తిరిగింది. నేను వెంటనే కుర్చీని గోడ పక్కకి తిప్పేసినా. గోడకి సున్నం పెచ్చులు లేసి ఉండాయి, వాటిని చూస్తా కూర్చున్నా.

"అన్నా, మీ ఇంటికి ఎవురో వస్తాండారు. బాగా తెలిసినాయన మాదిరి ఉండాడే, ఎవురది?" అన్నాడు టీ అంగడి హరీష్.

"టీలో చక్కెర తక్కువైంది, వెయ్యి" అన్నా.

"తిరిగి చూడన్నా ఒకసారి, పోతాండాడు..."

"చూడను" అన్నా. చూళ్ళేదు.